వేకువ పరుగు

మన ఉత్తరాంధ్రమున స్త్రీ వీధిలో నడచినచో నెవ్వరును తిరిగి చూడరు. బిందెతో నడచినను, గుడికి నడచినను, వైద్యుడు చెప్పినాడని చక్కెరజబ్బునకై నడచినను లోకమునకు సమ్మతమే. ఆ నడకయే రవంత వేగమై పరుగైనచో మాత్రము లోకము నిలిచి చూచును. "ఓలమ్మా, ఏటలాగ పరిగెడతన్నావు? ఇంటికాడ ఎవులికేటైనాది?" అని అరుగుమీది ముసలమ్మ యడుగును. ఆ ప్రశ్నలో వెటకారము లేదు. నిజమైన ఆదుర్దాయే కలదు. ఆడుది పరుగెత్తినదనగా ఇల్లు అంటుకొనియుండవలెను, లేదా బిడ్డ నూతిలో పడియుండవలెను, లేదా రైలు కదలిపోవుచుండవలెను. ఏ యాపదయు లేకుండ, ఎచ్చటికిని పోవలసిన పని లేకుండ, ఊరక పరుగెత్తి బయలుదేరిన చోటికే తిరిగివచ్చు ఆడువారుందురని ఆమె యెరుగదు. అట్టివారము మేము. విజయనగరమునను శ్రీకాకుళమునను తెల్లవారకమునుపే లేచి, పందెమునకు గాక, ఉద్యోగమునకు గాక, కేవల మిష్టముచే పరుగెత్తు గృహిణులము. ఈ పరుగులోని సుఖమును, దానికై పడు పాట్లును సోదరీమణులకు విన్నవింపగోరి యిది వ్రాయుచున్నాము.

పరుగు మనకు క్రొత్తవిద్య కాదు. ఎనిమిదేండ్ల పిల్ల బడినుండి నడచిరాదు, పరుగెత్తుకొని వచ్చును. దొంగాట, కోకో, చెడుగుడు, ఇవన్నియు పరుగే గదా! పిల్ల పెద్దది కాగానే "ఇంక గెంతులు చాలు, ఒద్దికగా నడువు" మని తల్లియే మొదట చెప్పును. ఆ తల్లిని తప్పుపట్టజాలము; ఆమెకును ఆమె తల్లి యదే చెప్పినది. అన్నదమ్ములు మాత్రము మీసములు వచ్చిన పిమ్మటను పరుగెత్తుచునే యుందురు. ఇట్లు పండ్రెండవ యేట నిలిచిపోయిన పరుగును ముప్పదియైదవ యేటనో నలువదవ యేటనో తిరిగి యెత్తుకొన్నప్పుడు కాళ్ళకంటె ముందుగా సిగ్గు అడ్డుపడును. మాలో నొకామె మొదటి మాసమంతయు తన యింటి డాబామీదనే పరుగెత్తినది. డాబా చిన్నది, మలుపు మలుపునకు తల తిరిగెడిది. క్రింది వాటాలోని వారు వేకువను పైన దయ్యము తిరుగుచున్నదని తాయెత్తు కట్టించుకొనబోయిరట! ఆ భయము తీర్చుటకైనను ఆమె వీధిలోనికి రావలసివచ్చినది.

మన రెండు జిల్లాలలో వేకువను పరుగెత్తువారు లేకపోలేదు. ఏ పల్లెకు పోయినను చీకటి విడకమునుపే కుర్రవాండ్రు గుంపులుగా రహదారిమీద పరుగెత్తుచు కనబడుదురు. వారికి సైన్యములో చేరవలెనని కోరిక. సైన్యపు పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగు దాటవలసిన గడప. పోలీసు కొలువునకును 1600 మీటర్ల పరుగు కలదు. అది ఆడుపిల్లలకును కలదు. అందుచేత నేడు చదువుకొన్న పల్లెపిల్లలు కొందరు అన్నదమ్ముల వెంట రహదారికి వచ్చుచున్నారు. వలసలు మెండుగా గల సీమ మనది. ఈ పరుగు అన్నము పెట్టు పరుగు. దానిని చూచి యెవ్వరును నవ్వరు. చిక్కంతయు మాబోటి వారితోనే. "ఏ సెలక్షనుకమ్మా?" అని యడుగుదురు. ఏ సెలక్షనునకును గాదన్నచో "మరెందుకు?" అందురు. ఈ "మరెందుకు"నకు మేము పలువిధముల నుత్తరములు చెప్పి చూచితిమి. ఆరోగ్యమునకన్నచో ఒప్పుకొందురు, బరువు తగ్గుటకన్నచో ఇంకను సులభముగా ఒప్పుకొందురు. "నాకు బాగుండును గనుక" అన్న యుత్తరము నిజమైనది, కాని యది మాత్ర మెవ్వరికిని చాలదు. ఆడుది తనకు బాగుండును గనుక ఒక పని చేయుట మన యిండ్లలో ఇంకను సంజాయిషీ చెప్పుకొనవలసిన విషయమే.

ఎట్లు మొదలిడవలెనని యడుగువారికి మా యనుభవము చెప్పెదము. మొదటి దినముననే ఊపిరి బిగబట్టి పరుగెత్తువారు మూడవ దినమున మానివేయుదురు. ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. ఇట్లు ఇరువది నిమిషములు చాలును. వారమునకు మూడు దినములు చాలును. మరుసటి వారము పరుగు కొంచెము పెంచి నడక కొంచెము తగ్గింపవలెను. సాధారణారోగ్యము గలవారు రెండు మూడు నెలలలో ముప్పది నిమిషములు ఆగకుండ పరుగెత్తగలరు. వేగమునకు కొలత గడియారము కాదు, నోరు. ప్రక్కనున్న యామెతో పూర్తి వాక్యము పలుకగలిగినచో వేగము సరియైనది. మాట తెగి తెగి వచ్చుచున్నచో తగ్గింపవలెను. ఈ సూత్రము ఆడువారికై పుట్టినదేమో యని నవ్వుకొందుము. ఏలయన మా గుంపులో ఇంటి ముచ్చటలన్నియు ఈ పరీక్ష పేరనే జరుగును. మెల్లగా పోవుటలోని రహస్యమేమనగా, గుండెయు ఊపిరితిత్తులును కొన్ని వారములలోనే దారికి వచ్చును గాని, ఎముకలును, కండరములను ఎముకలకు కట్టియుంచు స్నాయువులును గట్టిపడుటకు నెలలు పట్టును. ఊపిరి కుదిరినదను నుత్సాహముతో దూరము పెంచినవారికే మడమనొప్పియు, మోకాలినొప్పియు, ముంగాలి యెముక సలుపును వచ్చును. గుండెజబ్బు, రక్తపుపోటు, చక్కెరజబ్బు గలవారును, ప్రసవమై కొలదికాలమే యైనవారును వైద్యుని యడుగక మొదలిడరాదు.

విజయనగరపు వారికి అయోధ్యామైదానమును, పెద్దచెరువు గట్టును, కోట చుట్టు వీధులును పరుగునకు నెలవులు. పైడితల్లి యమ్మవారు వెలసినది ఆ పెద్దచెరువునందే యని పెద్దలు చెప్పుదురు. విజయదశమి దాటిన మంగళవారము సిరిమానోత్సవము. ఆ దినములలో ఊరిలో కాలు మోపుటకే చోటుండదు, ఇక పరుగేమి? 1713లో కట్టిన కోట ప్రక్కనుండి, గురజాడ అప్పారావుగారి యింటి దాపునుండి మేము పోవుచుందుము. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కము పుట్టిన యూరిది. ఈ యూరిలోనే స్త్రీల యాసుపత్రిని నేటికిని ఘోషాసుపత్రి యందురు. స్త్రీ పరపురుషుల కంటబడరాదన్న కాలమునకు ఆ పేరొక్కటే గురుతుగా మిగిలినది. ఆ గోడ ప్రక్కనుండి జోళ్ళు టకటకలాడించుచు పోవునప్పుడు మాకు లోలోపల నొక చిన్న గర్వము కలుగును; దానిని దాచుకొనము.

శ్రీకాకుళపు వారికి నాగావళి గట్టును, అరసవల్లి త్రోవయు కలవు. ఆరోగ్యమును సూర్యునే యడుగవలెనని పెద్దలమాట. ఆ సూర్యుని కోవెలకే పరుగెత్తి పోయివచ్చుటకంటె కావలసినదేమి? మార్చియందును అక్టోబరునందును కొన్ని దినములు ఉదయకిరణములు గర్భాలయములోని స్వామి పాదములను తాకును. ఆ దినములలోను రథసప్తమినాడును త్రోవ జనముతో నిండియుండును. తక్కిన దినములలో ఆ వేళ కోవెలకు పోవువారు నలుగురే. వారిలో ఇద్దరు మమ్ము చూచి నమస్కరింతురు, ఇద్దరు తల త్రిప్పుకొందురు.

సూర్యుని మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. మన దేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి నడచును. శ్రీకాకుళము దానికి తూర్పుననున్నది. అందుచే మనకు హైదరాబాదువారికంటె ఇంచుమించు ఇరువది నిమిషములు ముందుగా ప్రొద్దు వచ్చును. మే నెలాఖరున 5 గంటల 20 నిమిషములకే సూర్యుడు సముద్రమునుండి పైకి లేచును. జనవరిలో 6½ గంటలకు. కాని బడిగంటయు, కచేరి వేళయు, పాలవాని రాకయు అన్ని యూళ్ళలోను గడియారమునుబట్టియే గదా! పరుగెత్తు గృహిణికి ఈ యిరువది నిమిషముల వెలుతురు ఎవ్వరును అడ్డుపెట్టని సొత్తు.

ఇక అసలు పాటు ఇంటిలోనిది. మగవాడు పరుగెత్తివచ్చినచో "పాపము, అలసివచ్చినా"డని కాఫీ చేతికందును. ఆడుది పరుగెత్తివచ్చినచో కాఫీ కలుపవలసిన చేయి ఆమెదే. నాలుగు గంటలకు లేచి, బియ్యము కడిగియుంచి, పిల్లల డబ్బాలకు కూర తరిగి, కుళాయి వచ్చు వేళకు బిందెలు వరుసగా పెట్టి, అప్పుడు జోళ్ళు తొడుగుకొనువారు మాలో కలరు. పరుగు ముప్పది నిమిషములే. దానికై నిద్రనుండి కోసికొన్నది గంట. ఈ లెక్క చాలకాలము సాగదు. నిద్ర చాలనివానికి పరుగు మేలు చేయదు, గాయము చేయును. రాత్రి టెలివిజనును చేతిఫోనును కట్టిపెట్టి తొమ్మిదిన్నరకు పరుండుట యొక యుపాయము. అంతకంటె మంచి యుపాయము ఇంటిపనిలో ఒక పాలు ఇంటి మగవారికి అప్పగించుట. మాలో నొకామె భర్త వారమునకు మూడు దినములు ఇడ్లీపాత్ర పొయ్యిమీద పెట్టుట నేర్చినాడు. మొదటినాటి ఇడ్లీలు రాళ్ళవలె వచ్చినవి. ఎవ్వరును ఆకలితో పోలేదు. ఇప్పుడాయన పచ్చడికూడ చేయుచున్నాడు, దానిని గూర్చి వీధివీధికి చెప్పుకొనుచున్నాడు. భార్య ఇరువదియేండ్లు చేసినదానిని ఎవ్వరికి చెప్పుకొన్నది? పోనిండు, చెప్పుకొననిండు.

అత్తగారు ఒప్పుకొనరను మాట తరచుగా వినుచుందుము. అన్ని యిండ్లను గూర్చి అది నిజము కాదు. ఒక యింట కోడలు పరుగు మొదలిడినప్పుడు అత్తగారు "పదిమంది నోళ్ళల్లో పడతావమ్మా" అనిరి. అది అడ్డుచెప్పుట కాదు, భయము. రెండవ కాన్పు మొదలు కోడలికి నిద్ర సరిగా పట్టదు. ఊరక కన్నీరు వచ్చెడిది. చిన్నమాటకు పిల్లలమీద విరుచుకొనిపడెడిది. పరుగు మొదలిడిన మూడవ మాసమునకు ఇంటిలోని కేకలు తగ్గినవి. అత్తగారు దీనిని గమనించిరి. అప్పటినుండి వేకువను తలుపు గడియ తానే తీసి, కోడలు తిరిగివచ్చువరకు మనుమని ప్రక్కన పరుండుట మొదలిడిరి. "నానైతే ఎరగను గానీ, నువ్వు ఎల్లొచ్చిన రోజు పిల్లల్ని కసరవు" అని ఆమె యిచ్చిన యోగ్యతాపత్రము. మనస్సునకు లోతైన దిగులు పట్టినవారికి వైద్యమే కావలెను. పరుగు దానికి మారుగాదు. కాని దినదినమును పేరుకొను చీకాకును చెమటతోపాటు దిగవిడుచుటకు ఇంతకంటె చౌకయైన మార్గము మాకు దొరకలేదు.

వస్త్రముల మాట. మోకాలిపైకి చీరకట్టి నాట్లు వేయు స్త్రీలు మన పల్లెలలో కొల్లలు. వారిని చూచి సిగ్గుపడనివారు మా సాగులాగును చూచి సిగ్గుపడుట వింత. మాలో కొందరు పంజాబీ దుస్తులతోనే మొదలిడిరి. ఓణీ గాలికి లేచి మెడకు చుట్టుకొనును గనుక దానిని మాత్రము ఇంటనే విడువవలెను. నూలుబట్ట చెమట పీల్చి బరువెక్కి ఒరసికొనును. త్వరగా ఆరిపోవు పలుచని బట్ట మేలు. బిగువుగా నుండు లోరవిక తప్పనిసరి. దీనిని గూర్చి ఎవ్వరును బాహాటముగా చెప్పకపోవుటచే చాలమంది నొప్పికోర్చి, తమ శరీరమే పరుగునకు తగదనుకొని మానివేయుచున్నారు. నెలసరి దినములలో పరుగెత్తరాదను నియమమేదియు లేదు. ఒంటికి బాగున్నచో పరుగెత్తవచ్చును, లేనిచో విశ్రమింపవచ్చును. ఇక జోళ్ళు. మా చిన్నపట్టణములలో స్త్రీల పాదమునకు తగిన పరుగుజోళ్ళు దొరకుట కష్టము. మగపిల్లల జోళ్ళలో కొలత వెదకికొందుము. పాదము ప్రొద్దుగూకువేళకు కొంచెము ఉబ్బును గనుక సాయంకాలమే కొనవలెను. బొటనవ్రేలి ముందు మరియొక వ్రేలెడు చోటుండవలెను. అందము చూచి కొన్నవారికి గోళ్ళు నల్లబడును.

వీధిలోని యాపదలు రెండు విధములు, నాలుగుకాళ్ళవియు, రెండుకాళ్ళవియు. కుక్క వెంబడించినచో పరుగు ఆపవలెను. పరుగెత్తువానినే అది తరుమును. నిలిచి, దాని కన్నులలోనికి చూడక, మెల్లగా ప్రక్కకు తొలగిపోవలెను. కరచినచో కారపుపొడి, సున్నము, ఆకుపసరు ఏదియు పూయక, ధారగా పోయు నీటితో సబ్బుపెట్టి పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనవలెను. రెండుకాళ్ళ వాటికి మందు ఇంకను దొరకలేదు. మోటారుసైకిలుమీద పోవుచు కూతలుకూయువారుందురు. ఫోనుతో ఫొటో తీయువారుందురు. మేము ముగ్గురికి తక్కువగా చీకటిలో బయలుదేరము. చెవులలో పాటలు పెట్టుకొనము. 112 సంఖ్యను ఫోనులో చేతికందునట్లు ఉంచుకొందుము. ఇది మా జాగ్రత్త. కాని జాగ్రత్తపడవలసినది మేమొక్కరమేనా? గట్టుమీద దీపములు వెలుగవు. వెలిగిన చోట తెల్లవారకమునుపే ఆర్పివేయబడును. మైదానములకు వచ్చు మగవారికి ఏ గోడయైనను చాలును. స్త్రీలకు మరుగుదొడ్డి లేక, వేకువను నీళ్ళు త్రాగకుండ వచ్చువారిని మేమెరుగుదుము. నీళ్ళు త్రాగక పరుగెత్తుట మన సీమలో ప్రమాదము.

ఏలయన ఇది సముద్రపుగాలి సీమ. చెమట ఆరినప్పుడే గదా శరీరము చల్లబడునది. మన గాలిలో తేమ యెక్కువ. చెమట కారునే గాని ఆరదు. ఏప్రిలు మొదలు వానలు నిలకడగా పడువరకు, గడియారము చూచికొని పరుగెత్తినవారు తమను తాము నిందించుకొందురు. చలికాలములో నడచినంత సులభముగా పోయిన దూరము వేసవిలో రెట్టింపు బరువగును. వేగము తగ్గింపవలెను, అవసరమైనచో నడువవలెను. తల తిరుగుట, వణకు, ఒళ్ళు గగుర్పొడుచుట కనబడినచో వెంటనే నిలిచి, నీడకు పోయి, ఒంటిమీద నీళ్ళు చల్లుకొనవలెను. తిరిగివచ్చిన పిమ్మట ఉప్పు వేసిన నిమ్మనీరో, పలుచని మజ్జిగయో, మన చోడి అంబలియో మంచిది. చోడి అంబలి త్రాగి పొలమునకు పోయిన మన తాతమ్మలకు రంగుసీసాలలోని తియ్యనీళ్ళు అక్కరలేకపోయెను, మాకును అక్కరలేదు.

ఇచ్చట ఉద్దానపు సోదరీమణులకు ఒక మాట. కవిటి, సోంపేట, పలాస, మందస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎందరి యిండ్లను కూల్చినదో మీకు తెలియును. దానికి కారణ మిదియని ఇంతవరకు తేలలేదు. అచ్చటివారు పరుగు మొదలిడకమునుపు రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. కాళ్ళనొప్పి వచ్చునేమో యని ముందుగానే నొప్పిమాత్ర మ్రింగి పరుగెత్తు అలవాటు కొందరికి కలదు. ఒంటిలో నీరు తగ్గియున్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండములకు హాని చేయును. ఉద్దానమువారే కాదు, ఎవ్వరును అట్లు చేయరాదు.

మరియొక దొంగ కలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. ఊపిరి తీసికొన్న ప్రాణవాయువును కండరములకు మోసికొనిపోవునది రక్తములోని హిమోగ్లోబినే. గర్భవతులుగాని స్త్రీలకు 100 మిల్లీలీటర్ల రక్తమునకు అది 12 గ్రాములకు తగ్గరాదు. తగ్గినచో మెట్లు ఎక్కుటకే ఆయాసము. పరుగు మాట చెప్పనేల? మాతో చేరిన యొకామె నెల గడచినను మూడు నిమిషములకు మించి పరుగెత్తజాలక, తాను సోమరినని తన్ను తానే దూరుకొనెడిది. పరీక్ష చేయింపగా హిమోగ్లోబిను 8 గ్రాములున్నది! ఇన్ని యేండ్లు ఇల్లంతయు ఆ యెనిమిది గ్రాములతో మోసినది. వైద్యుడిచ్చిన ఇనుపమాత్రలు కొన్ని నెలలు వాడిన పిమ్మట ఆమె మమ్ము దాటి పోవుచున్నది. భోజనముతో కాఫీ టీలు త్రాగినచో ఇనుము ఒంటికి పట్టదు. ఆకుకూరపై నిమ్మకాయ పిండుకొన్నచో బాగుగా పట్టును. ఇంటిలో అందరును తినిన పిమ్మట మిగిలినది తిను ఆచారము ఈ వ్యాధికి ఎంత తోడ్పడునో సోదరీమణులే యాలోచింపవలెను.

స్త్రీ శరీరము దూరపు పరుగునకు తగదను మాట మన యరుగుమీదనే పుట్టలేదు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్సున స్త్రీలకు మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టిరి. జర్మనీ దేశపు లీనా రాడ్కె గెలిచినది. పరుగు ముగిసిన పిమ్మట స్త్రీలు కుప్పకూలిరని పత్రికలు ఉన్నవి లేనివి వ్రాసినవి. దానితో ఆ పరుగును తీసివేసిరి. మరల స్త్రీలకు అది దక్కినది 1960లో. పరుగు పిమ్మట మగవారు నేలమీద పడుకొన్నచో పట్టుదల, ఆడువారు పడుకొన్నచో అశక్తత! 1966లో బాబీ గిబ్ అను నామె బోస్టను మారథాను మొదలగుచోట పొదలలో దాగి, సంఖ్య లేకుండ పరుగెత్తి ముగించినది. మరుసటి యేడు కాథరిన్ స్విట్జరు పేరులోని పొడి యక్షరములతో సంఖ్య సంపాదించి పరుగెత్తుచుండగా, నిర్వాహకుడొకడు దారిలో ఆమెపైబడి ఆ సంఖ్యను లాగివేయజూచెను. ఆమె నిలువక ముగించినది. 1972లో బోస్టనున స్త్రీలకు అనుమతి దొరకినది. 1984లో లాస్ ఏంజిలిసు ఒలింపిక్సున స్త్రీల మారథాను, 42.195 కిలోమీటర్లు, మొదటిసారి జరిగినది. ఆ ఒలింపిక్సుననే మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్సులో సెకనులో నూరవవంతు తేడాతో పతకము పోగొట్టుకొన్నది.

మనవారి మాట చెప్పనిదే తృప్తి లేదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి బలము మన జిల్లాలలో సామెత. ఆయన పేర శ్రీకాకుళమున క్రీడామైదానము కలదు. కాని మన దేశపు స్త్రీలలో మొట్టమొదటి ఒలింపిక్ పతకమును 2000 సెప్టెంబరు 19వ తేదీని సిడ్నీలో తెచ్చినది ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరియే. ఆమె యెత్తిన బరువు రెండు విధములకు కలిపి 240 కిలోలు. పొరుగున విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2023లో బాంకాకున ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును గెలిచి, 2024లో పారిసు ఒలింపిక్సునకు పోయినది. వీరి పరుగునకును మా పరుగునకును హస్తిమశకాంతరము. అయినను ఇంటిలో పిల్లలతో టెలివిజను ముందు కూర్చున్నప్పుడు, ఆ గీత దగ్గర వంగి నిలిచిన పిల్ల కడుపులో ఏమి జరుగుచుండునో మాకు రవంత తెలియును.

విశాఖ సముద్రతీరమున నౌకాదళమువారు ఏటేట జరుపు మారథానునకు మాలో కొందరము పోయితిమి. 42 కిలోమీటర్లకు కాదు, పదింటికి. చీకటితో రైలు దిగి, వేలమంది నడుమ నిలిచినప్పుడు కాళ్ళు వణకినవి. అచ్చట రొమ్మునకు తగిలించుకొను కాగితముపై సంఖ్యయు దానితో మన పేరును ఉండును. ఫలానావారి కోడలు, ఫలానా పిల్లవాని తల్లి, ఫలానా బ్యాంకువారి భార్య యని గాక, అమ్మానాన్నలు పెట్టిన పేరు, పెద్ద యక్షరములతో. త్రోవ ప్రక్కన నిలిచిన యెవరో కాలేజీ పిల్లలు దానిని చదివి, బిగ్గరగా పిలిచి ప్రోత్సహించిరి. ఆ పేరుతో తన్ను బిగ్గరగా పిలువగా విని ఎన్ని యేండ్లయినదో యని మాలో నొకామె పరుగెత్తుచునే యేడ్చినది. మేము చివరి వారికి కొంచెము ముందుగా చేరితిమి. పతకమిచ్చిరి, ఇంటికి వచ్చిన పిమ్మట దానిని పిల్లలు ఆటవస్తువు చేసికొనిరి. కాగితము మాత్రము ఆమె బీరువాలో పట్టుచీరల నడుమ నున్నది.

మాకు ఎక్కువ సుఖమిచ్చు దినములు పందెపు దినములు కావు. ధనుర్మాసపు వేకువలు మాకు పండుగ. మంచులో నాలుగడుగుల ముందు ఏమియు కనబడదు. ప్రతి గుమ్మము ముందు ఒకామె వంగి ముగ్గు వేయుచుండును. ముగ్గు త్రొక్కకుండ ప్రక్కకు ఒదిగి పోవుదుము. ఆమె తలయెత్తి నవ్వును. ఎక్కడనో హరిదాసు చిడతలు వినబడును. తొలకరి దినములలో గట్టుమీద వాన పట్టుకొన్నచో తలదాచుకొనుటకు చోటుండదు. మొదట ముఖము చిట్లించి, పిమ్మట ఇంక తడియుటకు మిగిలినదేమియు లేదని తెలిసిన క్షణమున పెద్దవయసు ఆడువారు నలుగురు బడిపిల్లలవలె కేకలు వేయుదురు. ఇంటికి పోయి జలుబు చేయునని తిట్లు తినుదుము. వాటికి విలువ కట్టి తెచ్చుకొన్నవే ఆ తిట్లు.

ఏడాదికి ఒకటి రెండు ఆదివారములు శ్రీకాకుళమునుండి బండి కట్టించుకొని కళింగపట్టణము పోవుదుము. వంశధార సముద్రములో కలియు చోటది; పూర్వపు రేవు. దీపస్తంభము ఇంకను రాత్రి వెలుగుచునే యున్నది. ఇసుకలో పరుగునకు ఒక మెలకువ కలదు. పొడి యిసుకలో పాదము దిగబడి పిక్కలు పట్టుకొనును. అల వెనుకకు పోయిన పిమ్మట తడిసి గట్టిపడిన పట్టీమీద పరుగెత్తవలెను. ఆ పట్టీ సముద్రమువైపు వాలియుండును గనుక ఒక కాలు పల్లమునను ఒక కాలు మెరకనుపడును. పోయినంత దూరము మరల అదే త్రోవను తిరిగివచ్చినచో రెండు కాళ్ళకును సమానమగును. మొన్న మేము పోయిన వేళకు పడవలు ఒడ్డున చేరుచున్నవి. బేరము ముగించిన బెస్తస్త్రీ యొకతె చేపలబుట్ట తలకెత్తుకొని, ఆ తడియిసుక పట్టీమీదనే, నడకయు గాని పరుగును గాని ఒక విధమైన గమనముతో రోడ్డుమీద నిలిచిన ఆటోవైపు సాగిపోవుచున్నది. జోళ్ళు లేవు. బుట్టనుండి నీరు భుజముమీద కారుచున్నది. ఆమెతో సమానముగా పోవలెనని మేము కొంతదూరము ప్రయత్నించితిమి. ఆమె ఒకమారు మావైపు చూచి, "ఎందాకమ్మా?" అని యడిగి, మా జవాబునకు ఆగక ముందుకు పోయినది.